శాడిల్ రెండు కాళ్ళూ ఆనాలి



ఈవేళ బేస్ గిటార్ గురించి మాట్లాడుకుందాం. మొత్తం గిటార్ గురించి కాదు. దాని బ్రిడ్జి మీద ఉండే నాలుగు చిన్న లోహపు ముక్కల గురించి. వాటిని శాడిల్స్ అంటారు. మోగే తీగకు ఒక చివర ఆధారం అవే. అవి సరిగ్గా కూర్చోకపోతే ఏమవుతుంది? ఇంట్లోనే ఎలా సరిచేసుకోవాలి? ఇదీ ఇవాళ్టి విషయం.

మన పాటల్లో బేస్ గిటార్‌ను చాలామంది విడిగా పట్టించుకోరు. అది ఆగిపోతే మాత్రం పాట బోలుగా ఉందని వెంటనే తెలిసిపోతుంది. 1989లో వచ్చిన గీతాంజలి పాటలు ఈసారి కాస్త మంచి స్పీకర్లలో వినండి. ఇళయరాజా గారు బేస్‌కు ఎంత పని అప్పగించారో వినిపిస్తుంది. ఆ సంగీతం వింటూ పెరిగినవాళ్ళ పిల్లలు ఇవాళ చర్చి బృందాల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ బ్యాండ్లలో బేస్ పట్టుకుంటున్నారు. చాలామంది చేతిలో ఉన్నది తక్కువ ధర గిటారే. అందులో తప్పేమీ లేదు. ఆ తక్కువ ధర గిటార్‌ను కూడా చక్కగా మోగించవచ్చు. దానికి ముందుగా చూడవలసిన చోటు ఈ బ్రిడ్జి.

మీ గిటార్‌ను ఒకసారి ఒళ్ళో పెట్టుకోండి. దగ్గర లేకపోతే మనసులో ఊహించుకోండి. గిటార్ ఒంటి మీద, కింది వైపున, ఎల్ ఆకారంలో వంచిన ఒక లోహపు రేకు ఉంటుంది. సాధారణంగా ఐదు స్క్రూలతో చెక్కకు బిగించి ఉంటుంది. అదే బ్రిడ్జి. దాని మీద పక్కపక్కనే నాలుగు శాడిల్స్. ఒక్కో తీగకు ఒక్కోటి. ఒక్కో శాడిల్‌కు అటొకటి, ఇటొకటి, తల లేని సన్న స్క్రూలు రెండుంటాయి. వాటిని గ్రబ్ స్క్రూలంటారు. శాడిల్‌కు అవే కాళ్ళు. వెనక నుంచి ఇంకో పొడుగాటి స్క్రూ వస్తుంది. దాని మీద స్ప్రింగ్ ఉంటుంది. అది శాడిల్‌ను ముందుకీ వెనక్కీ జరుపుతుంది.

ఈ అమరిక కొత్తదేమీ కాదు. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫుల్లర్టన్ అనే ఊరుంది. అక్కడ లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే గిటార్‌ను అమ్మకానికి పెట్టాడు. అంతకుముందు బేస్ వాయించాలంటే మనిషంత ఎత్తుండే డబుల్ బేస్‌ను మోసుకుపోవాలి. దానికి ఫ్రెట్లు, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, ఉండవు. స్వరం ఎక్కడ పడుతుందో చేతికి అలవాటు కావాలి. ఫెండర్ గిటార్‌కు ఫ్రెట్లున్నాయి. వేలు పెట్టిన చోట స్వరం పడుతుంది. కానీ ఆ మొదటి గిటార్లలో శాడిల్స్ రెండే. ఒక్కో శాడిల్ మీద రెండేసి తీగలు. ఒక తీగకు సరిపడా జరిపితే పక్క తీగకు సరిపోదు. ఫ్రెట్లు ఎంత కచ్చితంగా కొట్టినా చివర్లో ఈ రాజీ తప్పలేదు. 1957లో దాన్ని మార్చి నాలుగు శాడిల్స్ పెట్టారు. ఇవాళ మన బజార్లో దొరికే చాలా బేస్ గిటార్లకు ఉన్నది ఆ 1957 నాటి అమరికే. కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేది మీలో ఎక్కువమందికి పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. టీ హోటల్లో బల్ల ఒక కాలు పొట్టిదయితే ఏమవుతుంది? మోచెయ్యి ఆనించగానే బల్ల ఊగుతుంది. టీ ఒలుకుతుంది. హోటలు కుర్రాడొచ్చి కాగితం మడిచి కాలి కింద పెడతాడు. ఆ పూటకు ఊగడం ఆగుతుంది. రేపు బల్ల జరిపితే మళ్ళీ మామూలే. శాడిల్ కూడా అంతే. దానికి రెండు కాళ్ళు. రెండూ రేకు మీద ఆనాలి. ఒకటి ఆని, ఒకటి గాల్లో ఉంటే శాడిల్ ఒరుగుతుంది. తీగ మీటినప్పుడల్లా కొద్దిగా కదులుతుంది. తీగ చివర కదిలితే నాదం నిలవదు. తీగలో ఉండవలసిన ఊపు శాడిల్‌ను ఊపడానికి ఖర్చయిపోతుంది. పైగా ఒక రొద వస్తుంది. దాన్నే మనవాళ్ళు బజ్ అంటారు.

ఒకసారి ఒక చర్చి బృందం వాళ్ళు తెచ్చిన గిటార్ చూశాను. జి తీగ శాడిల్ కింద అగ్గిపుల్ల ముక్క దూర్చి ఉంది. చెమటకు నల్లబడింది. తీగ బరువుకు నలిగి చదునైపోయింది. కాలి స్క్రూ దానికి దిగబడి ఒక గుంట చేసుకుంది. పెట్టిన రోజున అది పని చేసే ఉంటుంది. కానీ చెక్క నలుగుతుంది. నలిగిన కొద్దీ శాడిల్ దిగుతుంది. దిగిన కొద్దీ శ్రుతి జారుతుంది. పాట మధ్యలో ట్యూనింగ్ చేసుకుంటూ ఆ అబ్బాయి ఎంత అవస్థ పడ్డాడో. అగ్గిపుల్ల తీసేసి, ఉన్న స్క్రూనే తిప్పితే సరిపోయింది. కొత్త సామాను ఒక్కటీ అక్కర్లేకపోయింది.

అందుకే మొదటి మాట గుర్తు పెట్టుకోండి. రెండు కాళ్ళూ ఆనాలి. శాడిల్ కదలకూడదు.

మరి కాలు ఆనిందో లేదో ఎలా తెలుస్తుంది? కంటితో చూస్తే తెలియకపోవచ్చు. ఒక సన్నని కాగితం ముక్క తీసుకోండి. బస్సు టికెట్టు చాలు. తీగలన్నీ శ్రుతిలోనే ఉండనివ్వండి. ఆ కాగితాన్ని గ్రబ్ స్క్రూ కిందికి మెల్లగా తోయండి. కాలు ఆని ఉంటే కాగితం దూరదు. దూరిందంటే ఆ కాలు గాల్లో ఉన్నట్టు. నాలుగు శాడిల్స్, ఎనిమిది కాళ్ళు. ఎనిమిదింటినీ చూడండి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు సరిచేయడం. దీనికి ఆలెన్ కీ కావాలి. ఆరు పలకల చిన్న కడ్డీ, ఒక చివర వంచి ఉంటుంది. ఇక్కడ కొంచెం ఆగుదాం. ఎందుకంటే ఎక్కువ గిటార్లు చెడేది ఇక్కడే.

ఆసియా దేశాల్లో తయారైన గిటార్లలో ఎక్కువగా ఒకటిన్నర మిల్లీమీటర్ల కీ పడుతుంది. అమెరికాలో తయారైనవాటికి సాధారణంగా అంగుళాల కొలత ఉంటుంది. ఒక అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంటే ఇంచుమించు 1.59 మిల్లీమీటర్లు. కొన్నింటికి 0.050 అంగుళం. అంటే 1.27 మిల్లీమీటర్లు. తేడా ఎంతో చూడండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల కీ 1.59 రంధ్రంలోకి హాయిగా దిగుతుంది. సరిపోయినట్టే అనిపిస్తుంది. కాస్త బలం పెట్టగానే లోపల గిర్రున తిరుగుతుంది. రంధ్రం అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఆ తర్వాత ఏ కీ పట్టదు. కాబట్టి కీ పెట్టాక, తిప్పే ముందు, అటూ ఇటూ కొద్దిగా ఆడించి చూడండి. ఆడుతూ ఉంటే అది మీ కీ కాదు. పక్క సైజు తెచ్చుకోండి. అరిగిపోయిన కీ కూడా వద్దు. కొత్త కీ కాఫీ ఖరీదు. పాడైన స్క్రూను బయటికి తీయాలంటే మెకానిక్‌కు అరపూట పని.

కీ దొరికింది. ఇప్పుడు తీగను వదులు చేయండి. పూర్తిగా తీసేయక్కర్లేదు. వేలితో లేపితే లేచేంత వదులు చాలు. బేస్ గిటార్‌లో ఒక్కో తీగ మామూలుగా 16 నుంచి 23 కిలోల బలంతో లాగుతూ ఉంటుంది. ఆ లాగుడులో స్క్రూ తిప్పితే మర అరుగుతుంది. వదులు చేసి తిప్పితే వేళ్ళకు హాయి, స్క్రూకు హాయి.

పై నుంచి చూస్తూ స్క్రూను కుడివైపు తిప్పితే కాలు కిందికి దిగుతుంది. శాడిల్ లేస్తుంది. ఎడమవైపు తిప్పితే కాలు లోపలికి పోతుంది. శాడిల్ దిగుతుంది. ఏ కాలు గాల్లో ఉందో దాన్నే కుడివైపు మెల్లగా తిప్పండి. రేకు తగలగానే వేలికి తెలుస్తుంది. అక్కడ ఆపండి. తర్వాత శాడిల్‌ను ముందు నుంచి చూడండి. అది రేకుకు సమాంతరంగా ఉందా? ఒక పక్కకు ఒరిగిందా? ఒరిగితే ఎత్తుగా ఉన్న పక్క కాస్త తగ్గించండి, లేదా దిగువ పక్క పెంచండి. మళ్ళీ తీగ బిగించండి. మళ్ళీ కాగితం పెట్టి చూడండి.

లెక్క కావాలనేవాళ్ళకు ఒక లెక్క చెప్తాను. ఈ స్క్రూలు చాలావాటికి ఎం 3 రకం మర ఉంటుంది. ఆ మరలో ఒక పూర్తి చుట్టు తిప్పితే అర మిల్లీమీటరు కదులుతుంది. పావు చుట్టంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కాబట్టి పావు చుట్టు, పావు చుట్టుగానే తిప్పండి. బేస్ మీద పావు చుట్టు తేడా చేతికి తెలుస్తుంది.

నాలుగు శాడిల్స్‌నూ ఒకే ఎత్తులో పెట్టేస్తే అందంగా ఉంటుందని కొందరు అనుకుంటారు. అలా పెట్టకండి. ఫ్రెట్లున్న పలక చదునుగా ఉండదు. మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. తీగలు కూడా ఆ వంపునే అనుసరించాలి. ఇప్పటి గిటార్లలో చాలావాటికి ఆ వంపు తొమ్మిదిన్నర అంగుళాల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. తీగకూ తీగకూ మధ్య దూరం బ్రిడ్జి దగ్గర మామూలుగా 19 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలిపి లెక్క వేస్తే, మధ్యనున్న ఏ, డి తీగలు అంచు తీగలకంటే ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తులో ఉండాలని తేలుతుంది. పాతకాలపు గిటార్లలో వంపు ఎక్కువ. వాటిలో ఈ తేడా రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ప్రతి శాడిల్ తనంతట తాను సమంగా నిలబడాలి. నాలుగూ కలిసి మాత్రం వంపులో ఉండాలి. ఈ రెండు మాటలూ వేరు వేరు. కలిపేయకండి.

ఇప్పుడు పక్కలకు వద్దాం. ఒక శాడిల్ విరిగిందనో, తుప్పు పట్టిందనో కొత్తవి కొంటాం. ఆన్‌లైన్లో బొమ్మ చూసి తెప్పిస్తాం. వచ్చాక చూస్తే సన్నగా ఉంటాయి. పక్కపక్కన పెడితే మధ్యలో సందు. వేలితో గట్టిగా మీటితే శాడిల్ ఆ సందులోకి జరుగుతుంది. దానితో పాటు తీగా జరుగుతుంది. ఇ తీగ ఫ్రెట్ పలక అంచుకు పోతుంది. లేదా జి తీగ పలక మీది నుంచి జారిపోయేలా ఉంటుంది. కొన్నిసార్లు దీనికి వ్యతిరేకం. శాడిల్స్ మరీ వెడల్పు. నాలుగూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. స్క్రూ తిప్పినా ఎత్తు మారదు. ఎందుకంటే పక్కవాటి మధ్య ఇరుక్కుపోయింది. అప్పుడు కాలు కిందికి దిగినట్టే ఉంటుంది. శాడిల్ మాత్రం వేలాడుతూ ఉంటుంది. నాదం వినగానే తేడా తెలుస్తుంది.

కాబట్టి రెండో మాట. ముందు కొలవండి. తర్వాతే కొనండి. వెర్నియర్ స్కేలు ఉంటే మంచిది. పాత శాడిల్ వెడల్పు కొలిచి రాసుకోండి. దాని పొడవు, గ్రబ్ స్క్రూల మధ్య దూరం, వెనక స్క్రూ లావు, ఇవీ రాసుకోండి. రెండు అంచు తీగల మధ్య దూరం కూడా. అంటే ఇ తీగ నడిమి నుంచి జి తీగ నడిమి దాకా. ఇది చాలా గిటార్లకు 57 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ గిటార్‌కు ఎంతో మీరే కొలవండి. అమ్మేవాడు అన్ని గిటార్లకూ సరిపోతుందంటే నమ్మకండి. కొలత అడగండి.

సన్నటి శాడిల్స్ ఇప్పటికే కొనేశారనుకోండి. పారేయక్కర్లేదు. సందులో సన్నని ఇత్తడి రేకు ముక్క పెట్టవచ్చు. ఇత్తడి సామాను చేసేవాళ్ళ దగ్గర చిన్న ముక్క దొరుకుతుంది. సందు ఎంతుందో అంతే మందం ఉండాలి. బలవంతంగా దూర్చకూడదు. వేలితో తోస్తే దిగాలి, తనంతట తాను జారకూడదు. అంచులు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో నున్నగా చేయండి. కాగితం, అట్ట, ప్లాస్టిక్ పెట్టకండి. అవి నలుగుతాయి. అగ్గిపుల్ల సంగతి ఇందాకే చెప్పాను.

వెడల్పు శాడిల్స్‌ను అరగదీయవచ్చు. గాజు పలక మీద నీటి ఎమరీ కాగితం పరచండి. 400 నంబరు చాలు. శాడిల్‌ను పక్కకు పడుకోబెట్టి, సమంగా వత్తుతూ, ముందుకీ వెనక్కీ రుద్దండి. నాలుగుసార్లు రుద్ది ఒకసారి పెట్టి చూడండి. రెండు పక్కలూ సమానంగా తగ్గించండి. ఒక పక్కే అరగదీస్తే తీగ నడిమిలో పడదు. ఈ పనిలో తొందర పనికిరాదు. తీసిన లోహాన్ని తిరిగి పెట్టలేం.

తీగ కూర్చునే గాడి గురించి కూడా ఒక మాట. కొన్ని శాడిల్స్ గుండ్రని కడ్డీల్లా ఉంటాయి. పొడవునా స్క్రూలాగే మర కోసి ఉంటుంది. వాటిలో తీగను ఒక గాడి నుంచి పక్క గాడికి జరిపితే చాలు, దూరాలు సరిపోతాయి. కొన్నింటికి మధ్యలో ఒకే గాడి. ఆ గాడి తీగ లావుకంటే మరీ వెడల్పయితే తీగ అందులో పక్కలకు ఊగుతుంది. రొద వస్తుంది. మన తంబురాలో ఆ రొద కావాలని తెప్పిస్తాం. తీగ కింద సన్నని దారం పెట్టి, జరిపి జరిపి, ఆ ఝుంకారం వచ్చేదాకా చూస్తాం. తంబురాకు అది ప్రాణం. బేస్ గిటార్‌కు మాత్రం తీగ ఒక్క చోటే గట్టిగా ఆని లేవాలి. అందుకే గాడి తీగలో సగం మునిగేంత లోతుంటే చాలు. వెడల్పు తీగకు సరిపడా ఉంటే చాలు.

ఇప్పుడు కాళ్ళ పొడవు. కొన్ని గిటార్లలో గ్రబ్ స్క్రూలు శాడిల్ పైకి పొడుచుకొస్తాయి. అరచేయి ఆనించి మీటేవాళ్ళకు గీసుకుపోతుంది. రక్తం వచ్చేదాకా ఓర్చుకునే పిల్లల్ని చూశాను. ఎందుకు ఓర్చుకోవాలి? అంతకంటే పొట్టి స్క్రూలు దొరుకుతాయి. పాతది ఒకటి తీసి, హార్డ్‌వేర్ దుకాణానికి పట్టుకెళ్ళి, అదే లావులో రెండు మిల్లీమీటర్లు పొట్టిది అడగండి. స్టెయిన్‌లెస్ స్టీలువయితే ఇంకా మంచిది. మరీ పొట్టివి మాత్రం తీసుకోకండి. శాడిల్ లోపల నాలుగైదు చుట్లయినా మర పట్టి ఉండాలి. ఒకటి రెండు చుట్లే పట్టి ఉంటే కాలు ఊగుతుంది. ఊగే కాలు ఆనినా ఆననట్టే.

ఇంకో రకం కష్టం ఉంది. శాడిల్స్ అన్నీ పూర్తిగా కిందికి దించేశారు. రేకుకు అంటుకుపోయాయి. అయినా తీగలు ఎత్తుగానే ఉన్నాయి. నొక్కితే వేళ్ళు నొప్పెడుతున్నాయి. ఇప్పుడు తప్పు శాడిల్‌ది కాదు. ముందు నెక్ వంపు చూడండి. ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ ఒంటితో కలిసే చోటి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టండి. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య చిన్న సందుండాలి. సుమారు 0.35 మిల్లీమీటరు. మోటారు మెకానిక్‌ల దగ్గరుండే ఫీలర్ గేజ్‌తో కొలవవచ్చు. అంతకంటే బాగా ఎక్కువుంటే నెక్ లోపలి కడ్డీని సరిచేయాలి. అది తెలిసినవాళ్ళ చేత చేయించండి.

నెక్ సరిగ్గానే ఉండి, తీగలు ఇంకా ఎత్తుగా ఉంటే, నెక్ కూర్చునే కోణం మారాలి. నెక్ విప్పి, దాని గూడులో, బ్రిడ్జి వైపు అంచున సన్నని పలక పెడతారు. అర మిల్లీమీటరు లోపే. అక్కడ పెట్టినది బ్రిడ్జి దగ్గరకు వచ్చేసరికి కొన్ని రెట్లయి కనిపిస్తుంది. అప్పుడు శాడిల్స్‌ను మళ్ళీ పైకి లేపుకోవచ్చు. కాళ్ళ మీద నిలబెట్టుకోవచ్చు. ఇది నామోషీ పని కాదు. పాత ఫెండర్ గిటార్లలో కార్ఖానాలోనే ఇలాంటి పలకలు పెట్టేవాళ్ళు. 1970ల మొదట్లో నెక్ కోణం మార్చడానికి ఒక స్క్రూనే అమర్చారు కూడా.

తీగ ఎత్తు ఎంతుండాలని అడుగుతారు. ఫెండర్ వాళ్ళు తొమ్మిదిన్నర అంగుళాల వంపు గిటార్లకు ఒక కొలత చెప్తారు. పదిహేడో ఫ్రెట్ మీద ఇ తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, జి తీగ కింద 2 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. గట్టిగా మీటేవాళ్ళకు ఇంకాస్త ఎత్తు కావాలి. మెత్తగా మీటేవాళ్ళు తగ్గించుకోవచ్చు. మీ చెయ్యి ఏది అడిగితే అదే సరైన కొలత.

ఇక స్క్రూలు వాటంతట అవే వదులయ్యే బాధ. బేస్ తీగ బలంగా ఊగుతుంది. బాగా వదులున్న స్క్రూ ఆ ఊపుకు మెల్లగా తిరిగిపోతుంది. వారం తిరిగేసరికి శాడిల్ ఒరుగుతుంది. దీనికి చవకైన మందు రంగులేని గోళ్ళ పాలిష్. ఎత్తు సరిచేసుకున్నాక స్క్రూ మర మీద ఒక్క చుక్క వేయండి. ఆరనివ్వండి. మళ్ళీ తిప్పాలంటే కీతో కొంచెం బలం పెడితే చాలు, ఊడుతుంది. దుకాణంలో దొరికే మర పట్టే జిగురు కూడా వాడవచ్చు. అయితే తక్కువ పట్టున్న రకమే తీసుకోండి. ఊదా రంగులో వస్తుంది. ఎర్ర రంగుది మాత్రం ముట్టుకోకండి. అది యంత్రాలకు. ఒకసారి పట్టిందంటే వేడి చేస్తే గానీ వదలదు.

రొద ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే చెవిని నమ్ముకోండి. ఒక చేత్తో తీగ మీటుతూ, రెండో చేతి వేలితో బ్రిడ్జి మీద ఒక్కో భాగాన్నీ నొక్కి చూడండి. స్క్రూ, స్ప్రింగ్, శాడిల్, రేకు. దేన్ని తాకితే రొద ఆగిందో దోషం అందులోనే. చాలాసార్లు దొంగ స్ప్రింగే. పట్టు లేని స్ప్రింగ్ గలగలమంటుంది. దాన్ని తీసి కొద్దిగా సాగదీసి పెట్టండి. లేదా వైర్ల మీద వేసే సన్నని రబ్బరు గొట్టం ముక్క లోపల దూర్చండి. ఇ తీగ శాడిల్ ఇంకా వెనక్కి జరగాలి, స్ప్రింగ్ అడ్డొస్తోందనుకోండి. ఆ స్ప్రింగ్‌ను ఒకటి రెండు చుట్లు కత్తిరించండి. తప్పేమీ లేదు.

కాళ్ళు ఆనాయి. పక్కలు కుదిరాయి. రొద పోయింది. ఇప్పుడు చివరి పని, ముందు వెనక. మామూలు బేస్ గిటార్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. అంటే 864 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ దానికి సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ నొక్కితే పై స్థాయిలో అదే స్వరం రావాలి. ట్యూనర్ పెట్టుకోండి. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు ముట్టి మీటండి. ఒక గంట నాదం వస్తుంది. ట్యూనర్ చూడండి. తర్వాత అదే చోట మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకేలా చూపాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపితే శాడిల్ వెనక్కి జరపాలి. తక్కువ చూపితే ముందుకు జరపాలి. మళ్ళీ చెప్తున్నాను. ఎక్కువైతే వెనక్కి. తక్కువైతే ముందుకు. జరిపే ప్రతిసారీ తీగ వదులు చేసి జరపండి. తర్వాత శ్రుతి చేసి మళ్ళీ చూడండి. ఇ తీగ శాడిల్ మిగతావాటికంటే వెనకే ఉంటుంది. లావు తీగకు అది మామూలే. కంగారు పడకండి.

శాడిల్ ఒరిగి ఉండగా ఈ పని చేస్తే శ్రమంతా వృథా. కాళ్ళు సరిచేయగానే తీగ ఆనే చోటు మారుతుంది. లెక్క మారుతుంది. అందుకే దీన్ని చివరికి పెట్టాను.

మన సముద్రతీరం వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో ఉప్పుంటుంది. చేతి చెమట దానికి తోడు. గ్రబ్ స్క్రూలు శాడిల్‌లోనే తుప్పుతో బిగుసుకుపోతాయి. అలాంటప్పుడు బలం పెట్టకండి. కింద గుడ్డ పరచి, చెక్కకు తగలకుండా, తుప్పు వదిలించే నూనె స్క్రూ మీద ఒక్క చుక్క వేయండి. రాత్రంతా వదిలేయండి. పొద్దున్న మెల్లగా తిప్పండి. రాకపోతే ఎలక్ట్రానిక్స్ రిపేరు వాళ్ళ సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ పై చివరకు కాసేపు ఆనించండి. వేడికి లోహం వ్యాకోచించి పట్టు సడలుతుంది. వాయించడం అయ్యాక పొడి గుడ్డతో తీగలూ శాడిల్స్ తుడవడం అలవాటు చేసుకుంటే ఇంత దూరం రాదు.

బ్రిడ్జి మొత్తం విప్పవలసి వస్తే ఒక జాగ్రత్త. దాని కింద ఒక సన్నని వైరు ఉంటుంది. అది గిటార్ లోపలి ఎర్త్‌కు కలుస్తుంది. అది తెగినా, రేకుకు తగలకపోయినా, స్పీకర్‌లో గుయ్యిమని హమ్ మొదలవుతుంది. బిగించేటప్పుడు దాన్ని మళ్ళీ రేకు కిందికి చేర్చండి.

ఇంతా విన్నాక మీలో ఒకరు అడుగుతారు. ఇవన్నీ ఎందుకు, బరువైన కొత్త బ్రిడ్జి వేసేస్తే పోదా అని. 1970ల నుంచీ అలాంటి బరువు బ్రిడ్జీలు అమ్ముతున్నారు. కొన్ని చాలా బాగుంటాయి. శాడిల్ పక్కలకు జరగకుండా గాడుల్లో కూర్చుంటుంది. కానీ వాటిలోనూ శాడిల్‌కు కాళ్ళుంటాయి. అవీ ఆనాలి. స్క్రూ రంధ్రాలు మీ గిటార్‌వాటితో కలవకపోతే చెక్కలో కొత్తవి తొలవాలి. ఉన్న బ్రిడ్జి సరిగ్గా కూర్చుంటే ఎలా మోగుతుందో వినకుండా దాన్ని తీసేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ముందు దాన్ని నిలబెట్టండి. ఒక నెల వాయించండి. అప్పటికీ నచ్చకపోతే కొత్తది కొనుక్కోండి.

బేస్ గిటార్లు అమ్మే దుకాణదారులకు ఒక విన్నపం. గిటార్ చేతికిచ్చేటప్పుడు దాని శాడిల్‌కు సరిపోయే ఆలెన్ కీ కూడా ఇవ్వండి. ఎలా తిప్పాలో ఒక్కసారి చేసి చూపించండి. కొనేవాళ్ళు కూడా అడగండి. ఇచ్చేదాకా అడగండి. తెచ్చుకున్నాక ఆ కీని గిటార్ సంచిలో, జిప్పున్న అరలో పెట్టుకోండి. వచ్చే ఆదివారం సాధనకు కూర్చునే ముందు ఒక కాగితం ముక్కతో ఆ ఎనిమిది కాళ్ళనూ చూసుకోండి.